నార్త్ డకోటా వెళ్తానంటున్న మా మేనకోడలికి

చిట్టీ,

నిన్న మీ నాన్న ఫోన్ చేసి "దానికి నార్త్ డకోటాలో వేవర్ జాబ్ వచ్చిందంట అక్కా, అదెక్కడుంది" అన్నాడు. ముప్పై ఏళ్ళ కిందట నేను వెళ్ళినప్పుడు కూడా ఇదే అడిగాడు, అప్పుడు అట్లాస్ తీసి వేలు పెట్టి చూపించా, మళ్ళీ మర్చిపోయాడు. వేవర్ జాబ్ అంటే, డాక్టర్లు దొరకని చోట మూడేళ్ళు పనిచేస్తే, ట్రైనింగ్ అయ్యాక రెండేళ్ళు సొంత దేశం వెళ్ళాలన్న వీసా షరతు తీసేస్తారని కూడా మళ్ళీ చెప్పా. ఫోన్ పెట్టేశాక గర్వంగా అనిపించింది, కాసేపటికి కడుపులో తిప్పడం మొదలైంది, రాత్రంతా నిద్ర లేదు. మీ మావయ్యేమో "అది నీకంటే తెలివైంది, పడుకో" అంటాడు. తెలివైనవాళ్ళకి చలెయ్యదా?

సులువైనవి ముందు చెప్పేస్తా. కాంట్రాక్టు నీ సొంత ఇమిగ్రేషన్ లాయర్‌కి చూపించు, హాస్పిటల్ లాయర్ హాస్పిటల్ మనిషే. మూడేళ్ళు, వారానికి 40 గంటలు అన్నది అందరికీ తెలిసిందే, నైట్ కాల్ (రాత్రి పిలిస్తే వెళ్ళే డ్యూటీ) ఎన్ని రోజులకోసారి, తోటి డాక్టర్ సెలవు పెడితే ఆ కాల్ ఎవరి నెత్తిన పడుతుంది, తుఫానులో నిన్ను రిలీవ్ చేసే మనిషి రాలేకపోతే ఏంటి, ఇవన్నీ కాగితం మీద రాయించుకో. ఈ వేవర్ పథకాన్ని కాన్రాడ్ 30 అంటారు కదా, ఆ కాన్రాడ్ ఎవరో తెలుసా, అప్పటి నార్త్ డకోటా సెనేటరే! 1994లో మొదలెట్టినప్పుడు ఏడాదికి రాష్ట్రానికి 20 సీట్లే, తర్వాత 30 చేశారు. మన ఆంధ్రప్రదేశ్ కంటే పెద్ద రాష్ట్రం అది, 2020 లెక్కల్లో జనం 7 లక్షల 79 వేలు, అలాంటి చోట్లకి డాక్టర్లు రాక పెట్టిన పథకం. నువ్వేం అడుక్కోటానికి వెళ్ళట్లేదు, వాళ్ళకి నీ అవసరం ఉంది, ఆ ధీమాతో మాట్లాడు.

ఇల్లు చూసేటప్పుడు కిచెన్ కౌంటర్ గ్రానైటా కాదా అని చూడకే. హీటింగ్ దేనితో నడుస్తుందో అడుగు. ఊరి బయట ఇల్లయితే పెరట్లో ప్రొపేన్ ట్యాంకు ఉంటుంది, దానికి ఎండాకాలంలోనే రేటు మాట్లాడుకుని నింపించుకోవాలి. 80 శాతమే నింపుతారు, వేడికి ఉబ్బితే చోటుండాలని, మోసం చేశారనుకుని గొడవకి దిగకు (నేను దిగా). పోయిన జనవరి, ఫిబ్రవరి బిల్లులు చూపించమను, ఓనర్ నోటిలెక్క నమ్మకు. బావి నీళ్ళయితే కరెంటు పోయినప్పుడు నీళ్ళు కూడా పోతాయి, మోటరు ఆగిపోద్ది కాబట్టి. డ్రైవ్‌వేలో మంచు ఎవరు తీస్తారు, ఓనరా నువ్వా. ఫర్నేస్ గొట్టాలు ఇంటి పక్క గోడలోంచి బయటికొస్తుంటే మంచు వాటిని మూసేస్తుంది, పెద్ద మంచు పడ్డప్పుడల్లా పార తీసుకెళ్ళి శుభ్రం చెయ్యాలి. పడగ్గది బయట కార్బన్ మోనాక్సైడ్ (గొట్టాలు మూసుకుపోతే ఇంట్లో చేరే, వాసన తెలీని విషవాయువు) అలారం ఉండాలి. ఉందో లేదో నొక్కి చూడు, మోగాలి.

మీ ఆయన శ్రీధర్ సంగతేం ఆలోచించారు? అతను హెచ్-1 (ఉద్యోగ వీసా) మీద ఉంటే ఊరు మారినందుకు ఆ కాగితాలకి సవరణ వెయ్యాల్సి రావచ్చు, ఆఫీసు వాళ్ళు రిమోట్‌కి ఒప్పుకుంటారో లేదో ముందే అడగమను. హెచ్-4కి (నీ మీద ఆధారపడ్డ వీసా) మారితే నీ ఐ-140 (గ్రీన్ కార్డు కోసం వేసే పిటిషన్) అప్రూవ్ అయ్యేదాకా పని చెయ్యటానికి లేదు. డిసెంబర్‌లో నాలుగున్నరకే చీకటి పడే ఊళ్ళో పనీపాటా లేకుండా మగాడు ఇంట్లో కూర్చుంటే ఎలా ఉంటుందో ఆలోచించు. "నేనిక్కడే ఉంటాలే, నెలకోసారి వస్తా" అంటే మాత్రం ఒప్పుకోకు, మేం చేసింది అదే.

1996 జూలైలో చేరా నేను. మీ మావయ్య ఉద్యోగం కోసం డెట్రాయిట్‌లోనే ఉండిపోయాడు, నేనూ నాలుగేళ్ళ బుజ్జిగాడూ వెళ్ళాం, గ్రాండ్ ఫోర్క్స్‌కి పడమరగా 70 మైళ్ళు. ఆ చలికాలం ఎనిమిది బ్లిజార్డులు (మంచు తుఫాన్లు) వచ్చాయి, గ్రాండ్ ఫోర్క్స్ పేపర్ వాళ్ళు వరసగా పేర్లు పెట్టారు, మొదటిది ఆండీ, చివరిది హానా. ఆ మంచు కరిగి ఏప్రిల్‌లో రెడ్ రివర్ పొంగితే గ్రాండ్ ఫోర్క్స్ ఊరు ఊరే ఖాళీ చేశారు. అలాంటి ఏడాది, సంక్రాంతి వెళ్ళిన వారాంతం, అక్కడ తెలుగువాళ్ళం మూడు కుటుంబాలు కలుద్దామనుకున్నాం. నేను పట్టుచీర కట్టా. పైన కోటు, కాళ్ళకి పల్చటి షూస్. కార్లో హీటర్ ఉందిగా అని బుజ్జిగాడి లావు జాకెట్టు, బూట్లు డిక్కీలో పడేశా. తిరిగి బయల్దేరేటప్పుడు మధ్యాహ్నం మూడు, రేడియోలో 'నో ట్రావెల్ అడ్వైజ్డ్', ప్రయాణాలు వద్దు అంటున్నాడు, పైకి చూస్తే ఆకాశం మన సంక్రాంతి ఆకాశంలాగే నీలంగా ఉంది, ఒక్క రేకు మంచు పడట్లేదు. వీళ్ళకి అన్నిటికీ కంగారే అనుకుని రేడియో కట్టేసి క్యాసెట్ పెట్టుకున్నా.

మంచు పైనుంచే పడాలని లేదే అక్కడ. పడున్న మంచుని గాలి లేపుతుంది, గ్రౌండ్ బ్లిజార్డ్ అంటారు, తలెత్తితే నీలం ఆకాశం, ఎదురుగా చూస్తే కారు బానెట్ కూడా కనపడదు. అడ్డుకోటానికి చెట్టూ చేమా ఏమీ ఉండవు. రోడ్డు ఎక్కడుందో తెలీకుండానే పక్క గుంటలోకి జారిపోయాం. జాకెట్టు తీద్దామని దిగా, గాలికి డోర్ చేతిలోంచి లాక్కుపోయినట్టయింది, చీర కుచ్చిళ్ళకి మంచు పట్టేసి రెండు నిమిషాల్లో అట్టముక్కలా బిగుసుకుపోయాయి. డిక్కీ సగం మంచులో కూరుకుపోయింది, తెరుచుకోలా. మళ్ళీ ఎక్కి హీటర్ ఫుల్ పెట్టి కూర్చున్నా. డాక్టర్నే చిట్టీ నేను! డిక్కీ కూరుకుపోతే దాని కింద పొగగొట్టం కూడా మూసుకుపోయి ఆ పొగ కార్లోకే వస్తుందిగా, అది తట్టలా. బుజ్జిగాడు తలనొప్పి అన్నాడు, ఆకలేమో అనుకుని అరిసె చేతికిచ్చా, ఒక్క కొరుకు కొరికి దాన్ని పట్టుకునే నిద్రపోయాడు. నాకూ నిద్ర ముంచుకొస్తోంది. హాయిగా ఉంది, అది తల్చుకుంటేనే ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది.

ఎవరో పిడికిలితో అద్దం మీద కొట్టారు. ఓ ముసలి రైతు, పక్కన ట్రాక్టరు. గాలి ఒక్క క్షణం తగ్గినప్పుడు వాళ్ళ వంటింటి కిటికీలోంచి మా హెడ్‌లైట్లు కనపడ్డాయంట. పలకరింపు కూడా లేదు, ముందు ఇంజన్ ఆపేసి డోర్లు రెండూ తెరిచేశాడు, బుజ్జిగాణ్ణి తన కోటు లోపల పెట్టి జిప్పు వేసేశాడు. ఆ చల్లగాలి తగిలాక వాడు ఏడ్చాడు చూడు, వాడి ఏడుపు విని అంత సంతోషపడటం అదే మొదలు, అదే ఆఖరు.

వాళ్ళావిడ మా ఇద్దరికీ దుప్పట్లు కప్పి, ఫోన్ చేతికిచ్చి "నీ కోసం కంగారు పడేవాళ్ళు ఎవరుంటారు, ముందు వాళ్ళకి చెప్పు" అంది. నాకు నంబర్ తట్టలా. గ్రాండ్ ఫోర్క్స్ వాళ్ళు ఇంటికి చేరుంటాను అనుకుంటారు, మా ఊళ్ళో నేను బయటికెళ్ళినట్టే ఎవరికీ తెలీదు, మీ మావయ్యకి ఫోన్ ఆదివారం రాత్రే. అంటే ఆ కిటికీలోంచి ఆయన చూడకపోతే ఇంకో రోజున్నర దాకా మమ్మల్ని వెతికేవాళ్ళే లేరు. మీ నాన్నకి ఇదంతా ఇప్పటికీ చెప్పలా, నువ్వూ చెప్పకు, వాడికి బీపీ.

అందుకని ఊరు చూట్టానికి వెళ్ళినప్పుడు అడ్మినిస్ట్రేటర్‌ని కాదు, క్లినిక్‌లో నర్సుల్ని కాఫీకి పిలువు. నీ ఇంటి పక్కన ఉండేదెవరు, ట్రాక్టరు ఎవరికుంది, నువ్వు రాకపోతే ఎవరు ఫోన్ చేస్తారు అని అడుగు. సిగ్గుపడకు, అక్కడ అది మామూలు ప్రశ్నే. నీ ఇంటి నుంచి క్లినిక్ దాకా ఏ ఫోన్ కంపెనీ సిగ్నల్ ఎక్కడ పోతుందో వాళ్ళే చెప్తారు. ఇంకోటి, పిల్లలనుకుంటున్నారుగా, ఆ హాస్పిటల్లో డెలివరీలు చేస్తున్నారో లేదో కనుక్కో, పల్లెల్లో చాలా చోట్ల ఆపేశారు, బ్లిజార్డులో హెలికాప్టర్ కూడా ఎగరదు.

కారుకి బ్లాక్ హీటర్ (ఇంజన్‌ని కరెంటుతో వెచ్చగా ఉంచేది) పెట్టించు, ముందు వైరు వేలాడుతుంటే కారుకి తోక ముందుకొచ్చినట్టుంటుంది, నవ్వొస్తుంది, మైనస్ 30లో దాని విలువ తెలుస్తుంది. వింటర్ టైర్లు వేరే కొనుక్కో, ఫోర్ వీల్ డ్రైవ్ కారు కదలటానికి పనికొస్తుంది, ఆపటానికి కాదు. పెట్రోలు సగం కంటే దిగనీకు. ఇరుక్కుంటే కారు వదిలి నడవొద్దు, ముందు పొగగొట్టం చుట్టూ మంచు తీసి, గంటకి పది నిమిషాలే ఇంజన్ వేసి, ఆ పది నిమిషాలూ అద్దం కొంచెం దించు. జాకెట్టు, బూట్లు నీ పక్క సీట్లో ఉండాలి. డిక్కీలో కాదు!

భయపెట్టానా? ఎదురొచ్చే ప్రతి బండివాడూ స్టీరింగ్ మీంచి ఒక వేలు లేపి పలకరిస్తాడు, మొదట్లో తిడుతున్నాడేమో అనుకున్నా. లెఫ్సె అని బంగాళాదుంపతో పల్చటి రొట్టె చేసి వెన్న, పంచదార రాసి చుట్టిస్తారు, మన బొబ్బట్టుకి దూరపు చుట్టం. మూడేళ్ళు చెయ్యాల్సినదాన్ని ఐదేళ్ళు చేశా అక్కడ.

ఎక్కడికెళ్ళినా బయల్దేరా అని ఒకటి, చేరా అని ఒకటి నాకు మెసేజ్ పెట్టు, రాత్రి రెండైనా సరే. ఆ రోజు వాళ్ళావిడ నా కారులో ఒక కాఫీ డబ్బా పెట్టింది, అందులో లావు కొవ్వొత్తి, అగ్గిపెట్టె, మంచు కరిగించుకోటానికి చిన్న రేకు గిన్నె. ఇన్నేళ్ళూ దాచా. ఇవాళ పొద్దున్నే పార్సిల్ చేశా, గురువారానికి వస్తుంది. అగ్గిపెట్టె మాత్రం తీసేశా, నువ్వు కొనుక్కో.

మీ అత్త