ఆడకుక్కకు ఆపరేషన్: చెల్లెమ్మా, ముందు ఖర్చు లెక్క చూసుకో

డాలస్‌కు కొత్తగా వచ్చిన కావలి అమ్మాయి అడిగింది: ఏడు నెలల లాబ్రడార్‌కు గర్భసంచి తీయించాలా, వద్దా? ఊళ్ళో వాళ్ళమ్మ ‘నోరులేని జీవి, ఉసురు తగులుతుంది’ అంటున్నారట.

చెల్లెమ్మా, మాది ఒంగోలు. మా వీధి కుక్క ఏడాదికి రెండుసార్లు పిల్లల్ని పెట్టేది, దానికి ఏ ఆపరేషనూ లేదు. ఇక్కడ మాత్రం ఎందుకని 2010లో నేనూ పంతం పట్టాను. అసలు కారణం డబ్బే. ప్రతి డాలరునూ రూపాయల్లోకి మార్చి చూసుకునే రోజులవి. డాక్టరు చెప్పిన కొన్ని వందల డాలర్లు ఇంటికి పంపితే నాన్నగారి మందులకు వస్తాయనిపించింది.

ఆపరేషన్ చేయించని మా కుక్క లచ్చికి నాలుగేళ్ళు నిండాయి. ఎద ముగిసిన ఆరు వారాలకు నీళ్ళు తెగ తాగడం మొదలుపెట్టింది. ఎండల వల్ల అనుకున్నాను. తరువాత తిండి మానేసింది. ఆదివారం రాత్రి అత్యవసర ఆసుపత్రికి ఎత్తుకెళ్తే, గర్భసంచి నిండా చీము. దీన్ని పయోమెట్రా అంటారు. గర్భసంచి ముఖం మూసుకుపోతే చీము బయటికి కనబడదు, అందుకే నాకు అనుమానం రాలేదు. ఆ రాత్రి బిల్లు 4,200 డాలర్లు! పదకొండు నెలలు తీర్చాను. ఎవరినీ చేబదులు అడగలేదు, ఇంటికి పంపే డబ్బు ఒక్క నెల కూడా ఆపలేదు. లచ్చి మరో ఎనిమిదేళ్ళు నాతో ఉంది.

ఆపరేషన్ చేయించని ఆడకుక్కల్లో పదేళ్ళ లోపు దాదాపు ఐదింట ఒకదానికి ఈ జబ్బు వస్తుందని స్వీడన్‌లో తేలింది. త్వరగా తీయిస్తే రొమ్ము గడ్డల ముప్పు తగ్గుతుందని కూడా చాలాకాలంగా చెబుతున్నారు.

అలాగని రేపే పరుగెత్తకు. లాబ్రడార్లకు ఏడాది నిండకముందే చేయిస్తే కీళ్ళ జబ్బులు పెరుగుతాయని కాలిఫోర్నియా పరిశోధకులు 2020లో చెప్పారు. కొన్నింటికి, ముఖ్యంగా పెద్ద జాతులకు, తరువాత మూత్రం అదుపు తప్పుతుంది. మాత్రలతో చాలావరకు సర్దుకుంటుంది. ఒళ్ళు కూడా చేస్తాయి, తిండి తగ్గించాలి. కాబట్టి ఏడాది దాటనివ్వు. ఈలోగా ఎదకొస్తే మూడు వారాలు బయట మెడపట్టీ తాడు వదలకు, ముగిశాక రెండు మూడు నెలలు ఆగి చేయించు. కుక్కల గురించి, ఈ ఆపరేషన్ గురించి నిబంధనలేమిటో మీ నగరం వెబ్‌సైట్‌లో ముందే చూసుకో.

ఆగిన ఈ నెలల్లో డబ్బు పక్కన పెట్టు. బీమా ఇప్పుడే తీసుకో, ముందే ఉన్న జబ్బుకు వాళ్ళు సాధారణంగా డబ్బు ఇవ్వరు. రక్తపరీక్ష, మత్తు, నొప్పి మాత్రలు అన్నీ కలిపి ఎంతో రాసిమ్మని మూడు చోట్ల అడుగు. జంతు సంరక్షణ కేంద్రాలు నడిపే క్లినిక్‌లలో చాలా తక్కువకే చేస్తారు. 2010లో ఆ సంగతి నాకు చెప్పినవాళ్ళు లేరు.