ఫైబర్ కడ్డీలు కాంక్రీటు పైకి కనబడటానికి కారణం

పార్కింగ్ ఫ్లోరులో ఉక్కు బదులు వేసిన గ్లాస్ ఫైబర్ కడ్డీలు, సగం కాంక్రీటు పోశాక పైకి కనబడుతున్నాయంటే, అవి తేలివచ్చాయన్నమాట. కవర్ బ్లాకుల (కడ్డీలను నేల నుంచి ఎత్తి ఉంచే చిన్న దిమ్మెల) తప్పు కాదు. నీటి సాంద్రత 1 అనుకుంటే ఉక్కుది 7.85, కాంక్రీటుది 2.4, వీటిది దాదాపు 2 మాత్రమే. కాంక్రీటును కుదించే వైబ్రేటర్ పెట్టగానే పచ్చి కాంక్రీటు వీటిని పైకి నెడుతుంది.

మిగిలిన సగం పోసేముందు:

1. కడ్డీల జాలీని కిందికి కట్టండి. ఉక్కుకు బ్లాకుల మీద ఆనిస్తే సరిపోతుంది కాబట్టి మేస్త్రీలు దీన్ని వదిలేస్తారు. కోయగా మిగిలిన ఫైబర్ ముక్కలనే మేకుల్లా నేలలోకి దిగగొట్టి, జాలీ కూడళ్లను వాటికి ప్లాస్టిక్ టైలతో బిగించండి. చేత్తో లాగి చూడండి, లేవకూడదు.

2. బ్లాకులు దగ్గర దగ్గరగా పెట్టండి. ఈ కడ్డీల బిగువు ఉక్కులో నాలుగో వంతే, కాలు పెడితే కుంగుతాయి.

3. వైబ్రేటర్ సూదిని కడ్డీలకు తగలనివ్వకండి.

ఇప్పటికే బయటపడ్డ చోట తుప్పు పట్టదు. కానీ కాంక్రీటు పట్టు ఉండదు, ఎండకు కడ్డీలోని రెసిన్ (గాజు పోగులను పట్టి ఉంచే జిగురు) పాడవుతుంది. ఎపాక్సీ మోర్టార్‌తో కప్పించేముందు మీ స్ట్రక్చరల్ ఇంజినీరుకు ఒకసారి చూపించండి.