పచ్చి బరువుకి కొని ఎండు బరువుకి అమ్మితే ఏం మిగులుతుంది?

ప్రశ్న: మాది బంగారుపాళ్యం దగ్గర పల్లె సార్. పక్క తోట ఆయన తోతాపురి మామిడి చెట్లు ముసలివైపోయినాయి. 2025లో కాయకి గుజ్జు ఫ్యాక్టరీ 8 రూపాయలు, గవర్నమెంటు 4 కలిపి కిలో 12 అన్నారు కదా, ఆ సీజన్ చూసినాక ఆయనకి తోట మీద మనసు విరిగింది. ఈసారి కాయ కోసినాక ఆగస్టులో చెట్లు కొట్టేస్తాడంట, కట్టెలు నన్ను తీస్కోమంటున్నాడు, టన్ను లెక్కన అయినా గుత్తకి అయినా సరే అంటున్నాడు. నాకు ట్రాక్టరు ఉంది. చిత్తూరులో హోటళ్ళకి, కల్యాణమండపాలకి వేస్తే మిగులుతుందా?

జవాబు: మిగులుతుంది తమ్ముడూ, కానీ ముందు ఒక లెక్క చేస్కో, ఈ వ్యాపారంలో చేతులు కాల్చుకునేవాళ్ళు చానామంది ఈ లెక్క దగ్గరే దెబ్బతింటారు. అప్పుడే కొట్టిన పచ్చి మామిడి దుంగలో దాదాపు సగం బరువు నీళ్ళే. అంటే వేబ్రిడ్జి మీద టన్ను తూగినదాంట్లో అసలు కట్టె 500 కిలోలు, మిగతా 500 నీళ్ళు. ఎండబెడితే మొత్తం నీళ్ళు పోవు, నూటికి ఇరవై వంతులు తేమ మిగిలేదాకా ఆరితే బాగా ఎండినట్టే లెక్క, అప్పుడు నీ టన్ను 625 కిలోలు తూగుతుంది. ఇప్పుడు ఊరికే లెక్క కోసం అనుకో, పచ్చి టన్ను 2000కి కొన్నావు, కోత కూలీ, చీల్చే కూలీ, డీజిలు అన్నీ కలిపి ఇంకో 1000 అయింది. 3000 పెట్టినాను, 4000కి అమ్ముతాను, వెయ్యి లాభం అనుకుంటావు. కానీ నీ చేతిలో ఉన్నది టన్ను కాదు, 625 కిలోలు, దానికి 4000 రేటున వచ్చేది 2500. టన్నుకి 500 చేతినుంచి పోయింది. 4800కి అమ్మితేగానీ పెట్టినది రాదు. మీ పక్క రేట్లు వేసి ఇదే లెక్క కాగితం మీద చేసి, ఆ తర్వాతే తోట ఆయనతో మాట్లాడు.

గుత్తకి మాత్రం మొదటిసారే పోవద్దు. చెట్టు చూసి ఎన్ని టన్నులు వస్తుందో చెప్పడం ఏళ్ళ తరబడి అదే పనిలో ఉన్నవాళ్ళకే వస్తుంది, ముసలి మామిడి చెట్టుకి మొదలు లోపల తొర్ర ఉంటే బయటికి కనపడదు. టన్ను లెక్కనే తీస్కో, ప్రతి లోడు వేబ్రిడ్జి చీటీ దాచిపెట్టు. ఇంకోటి, మొదళ్ళు ఎవరు పీకాలి అనేది ముందే రాసుకోండి. జేసీబీ గంటకింత అని పోతుంది, కొట్టడం అయిపోయినాక ఆయన మొదళ్ళు కూడా నువ్వే తీయాలి కదా అంటే లాభం అంతా అక్కడే పోతుంది.

ఇక ఆగస్టు. అసలు చిక్కు అదే. మన చిత్తూరు, తిరుపతి పక్క పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, నవంబరులో తుఫాను పట్టిందంటే వారం పది రోజులు ఎండ మొహమే కనపడదు. ఆగస్టులో కొట్టిన లావు దుంగ అప్పటికి ఎండదు. సంక్రాంతి దాటినాక కొట్టి చీల్చి పేరిస్తే మే ఎండలకి చక్కగా ఆరుతుంది, ఆయన అప్పటిదాకా ఆగుతాడేమో అడిగి చూడు. ఆగడంటే, చేతి లావు కొమ్మలు వెంటనే చీల్చి ఎండకి వేసెయ్, అవి వానలకి ముందే బయటపడతాయి. లావు దుంగల్ని కూడా గుండుగా వదిలేయొద్దు, బెరడు నీళ్ళని లోపలే పట్టి ఉంచుతుంది, చీల్చి పేర్చి పైన రేకులు వెయ్యి. అవి ఈ సంవత్సరం సరుకు కాదు, వచ్చే వేసవి సరుకు అనుకో. పెళ్ళిళ్ళకి అడ్వాన్సు తీసుకుని వాటిని నమ్ముకోవద్దు.

పేర్చడం కూడా చెప్తా, దీంట్లోనే సగం పని ఉంది. కింద రెండు వరసలు పనికిరాని దుంగలు పరిచి వాటిమీద పేర్చు, నేల తగిలితే చెదలు పడతాయి. గాలి అడ్డం లేకుండా దూరేటట్టు వరసకి వరసకి సందు వదులు. పైన మాత్రమే కప్పు, పక్కలు తెరిచి పెట్టు. చానామంది టార్పాలిన్ తెచ్చి నాలుగు పక్కలా బిగించి కట్టేస్తారు, లోపల చెమ్మ పోయే దారి లేక నెల తిరక్కముందే బూజు పట్టి తెల్లగా అయిపోతుంది. గడ్డివామికి దూరంగా పెట్టు. అడుగు కట్టెలు తీసేటప్పుడు ముందు కర్రతో తట్టు, తేళ్ళు, కట్లపాములు అక్కడే చేరతాయి. మామిడి కట్టె రెండేళ్ళు దాచే సరుకు కాదు, పురుగు పట్టి పొడి రాలుతుంది. పచ్చి మామిడి సొన ఒంటికి తగిలితే కాలి పొక్కుతుంది కాబట్టి కూలీలకి ఫుల్ చేతుల చొక్కాలు వేసుకోమని చెప్పు.

పర్మిషన్ సంగతి చివర్లో చెప్తున్నా గానీ చేయాల్సింది మొదట. 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం ప్రకారం సొంత పట్టా భూమిలో చెట్లు కొట్టాలన్నా అనుమతి కావాలి, బదులు మొక్కలు నాటాలని కూడా ఉంది. తోట ఆయన పేరుతో అర్జీ పెట్టించు, లోడు రోడ్డెక్కితే ఏ కాగితం కావాలో ఫారెస్ట్ రేంజ్ ఆఫీసులో రాతపూర్వకంగా తీస్కో. శేషాచలం ఎర్రచందనం వల్ల మన దగ్గర చెక్‌పోస్టుల్లో కట్టెల బండిని ఊరికే పోనివ్వరు, అది న్యాయమే. ఎవడైనా రాత్రిపూట నాలుగు దుంగలు నీ లోడు కింద వేస్తానంటే ఎంత ఇస్తానన్నా వద్దను, బండి పోతుంది, నువ్వూ పోతావు.

ప్రశ్న: తిరుపతిలో చిన్న క్యాటరింగ్ మాది. గాడిపొయ్యి మీదే వండుతాం. కట్టెలు ఎండినవే అని వేసిపోతారు, మంట రాదు, పొగకి వంటవాళ్ళ కళ్ళు పోతున్నాయి. ఏ కట్టె అడగాలి?

జవాబు: అమ్మా, పేరు కంటే ఎండు ముఖ్యం. కిలో నీళ్ళు ఆవిరి కావాలంటే 600 కిలో క్యాలరీల పైనే వేడి కావాలి, అదంతా మీ కట్టెలోంచే పోతుంది. పచ్చి కిలో ఇచ్చే వేడి ఎండు కిలో ఇచ్చేదాంట్లో సగానికి కొంచెం ఎక్కువ, అంతే. బండి వచ్చినప్పుడు రెండు పేళ్ళు తీసి ఒకదానితో ఒకటి కొట్టి చూడండి, ఎండితే ఖంగుమని మోగుతుంది, పచ్చిదైతే దబ్బుమని ఊరుకుంటుంది. కోసిన చివర నెర్రెలు విచ్చి ఉండాలి. అనుమానం ఉంటే ఒక లావు పేడు అక్కడే చీల్పించి లోపలి పక్క చెంపకి ఆనించండి, చల్లగా తగిలితే వెనక్కి పంపేయండి. ఇంకా గట్టిగా తేల్చుకోవాలంటే ఒక పేడు తూచి, వారం మేడమీద ఎండలో పెట్టి మళ్ళీ తూచండి, తగ్గిన బరువంతా మీరు డబ్బులిచ్చి కొన్న నీళ్ళే.

రకాల్లో, అన్నం, సాంబారు పెద్ద గుండిగలకి చింత, సర్కారు తుమ్మ, సరుగుడు మంచివి, నిప్పు చానాసేపు నిలుస్తుంది. మామిడి త్వరగా అంటుకుంటుంది, మొదట మంట లేపడానికి బాగుంటుంది. గన్నేరు కొమ్మ ఒక్కటి కూడా వంట పొయ్యిలోకి పోకూడదు, అది విషం. రంగులేసిన పాత తలుపు చెక్కలు కూడా అంతే.

ప్రశ్న: పుత్తూరు పక్క. ట్రాక్టరుకి తగిలించే స్క్రూ మెషీన్ కొని కట్టెలు చీల్చాలనుకుంటున్నా. చింత మొద్దులు గొడ్డలికి లొంగడం లేదు. కొనొచ్చా?

జవాబు: రోజూ పని ఉంటేనే కొను. దాని దగ్గర లుంగీ, భుజం మీద టవలు, వేలాడే గ్లౌజులు వద్దే వద్దు, ఆ తిరిగే మొన గుడ్డ కొస అందుకుందంటే మనిషిని లాగేస్తుంది. మొద్దు ఇరుక్కుంటే కాలితో తన్నొద్దు, ముందు పీటీఓ (ట్రాక్టరు నుంచి మెషీన్‌ని తిప్పే షాఫ్టు) ఆపు. ట్రాక్టరు మీద ఒకడు, మెషీన్ దగ్గర ఒకడే ఉండాలి.

చింతని గొడ్డలితో నడుమ కొడితే నార మెలితిరిగి ఉంటుంది కాబట్టి గొడ్డలి ఇరుక్కుంటుంది, అంచు నుంచి చుట్టూ పలకలు పలకలుగా తీసుకుంటూ లోపలికి రా, లొంగుతుంది. ముడి ఉన్న మొద్దుల్ని పక్కన పెట్టెయ్, ఇటుకల బట్టీవాళ్ళని అడిగి చూడు. చైన్ సా వాడితే బార్ (చైన్ తిరిగే పొడుగు బద్ద) కొన పైభాగం దుంగకి తగలనివ్వకు, మెషీన్ ఎగిరి మొహం మీదికొస్తుంది, భుజం ఎత్తు దాటి కూడా కోయొద్దు. చైన్ పదునుందో లేదో కింద రాలేదాన్ని చూసి చెప్పొచ్చు, చిన్న చిన్న పెచ్చులుగా పడుతుంటే బాగున్నట్టు, పిండిలా పడుతుంటే ఆపి ఆకురాయి పట్టు.