బండి కింద పడుకుని చూడు, తర్వాతే బేరం

చిరంజీవి సౌభాగ్యవతి మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

నువ్వు ఫోనులో పంపిన ఫొటోలన్నీ చూశాను. పాత వ్యాను కొని, అందులో మంచం, గ్యాసు పొయ్యి, నీళ్ల ట్యాంకు అమర్చుకుని వేసవి సెలవుల్లో మీరిద్దరూ ఊళ్లు తిరగాలన్న ఆలోచన నాకు నచ్చింది. మీ అత్తయ్యకు నచ్చలేదు, అది వేరే సంగతి. అయితే ఆ ఫొటోల్లో ఉన్నవన్నీ ఇంజిన్లు, మీటరు అంకెలు, కొత్త టైర్లు. నేను చూడాలనుకున్నది ఒక్కటీ లేదు. రావులపాలెంలో ఇన్నేళ్లు టింకరింగ్ షెడ్డు నడిపినవాడిగా చెబుతున్నాను, ఇంజిను పోతే దించి బోరింగ్ చేయించుకోవచ్చు. గేరుబాక్సు మార్చుకోవచ్చు. అడుగు రేకు, పైకప్పు అంచులు తుప్పు తిన్న బండిలో మాత్రం ఏం కట్టుకున్నా దండగే. ఒకసారి ప్లైవుడ్ కొట్టాక ఆ రేకు నీ కంటపడదు. కనపడే రోజుకు నీ మంచం, అలమరాలు అన్నీ పీకాల్సి వస్తుంది.

మన డెల్టాలో బండ్లకు ఉప్పునీటితోనే చేటు. భీమవరం, ఆకివీడు, అమలాపురం చుట్టుపక్కల అమ్మకానికి వచ్చే వ్యాన్లలో రొయ్యల పని చేసినవి చాలా ఉంటాయి. హేచరీల నుంచి రొయ్య పిల్లలను ఆక్సిజన్ నింపిన పాలిథిన్ సంచుల్లో తెస్తారు. దారిలో ఒక్క సంచి చిట్లినా ఆ ఉప్పునీరు సీటు బోల్టుల రంధ్రాల్లోంచి దిగి, బండి అడుగున ఉండే గుల్ల దూలాల్లో నిలిచిపోతుంది. చెరువుల్లో రొయ్యలు పట్టే రోజుల్లో ట్రేలలోంచి కారే ఐసు నీరూ అంతే. బయట రంగు తళతళలాడుతూనే ఉంటుంది, లోపల రేకు అప్పడంలా విరిగిపోతుంది. నువ్వు పంపిన వాటిలో అన్నిటికంటే చవకది, వెనుక సీట్లు లేనిది ఉందే, అది ఆ బాపతేనని నా అనుమానం. నేలమీద కొత్త రబ్బరు మ్యాట్ ఎందుకు పరిచారో అడుగు. మ్యాట్ ఎత్తనివ్వకపోతే అక్కడి నుంచి వచ్చేయ్.

చూసేటప్పుడు పాత చీర ముక్క ఒకటి, చిన్న అయస్కాంతం, స్క్రూడ్రైవరు, మంచి టార్చిలైటు పట్టుకెళ్లు. అయస్కాంతానికి పలుచటి గుడ్డ చుట్టి తలుపుల అడుగు అంచుల మీద, చక్రాల పైన ఉండే వంపుల మీద మెల్లగా జరుపు. రేకు ఉన్నచోట పట్టుకుంటుంది, లప్పం మందంగా పెట్టినచోట జారిపోతుంది. తర్వాత చీర ముక్క పరుచుకుని బండి కింద పడుకో. సిగ్గుపడకు, అల్లుడుగారిని పడుకోమన్నా సరే. స్క్రూడ్రైవరు పిడితో దూలాల వెంట తట్టుకుంటూ పో. మంచి రేకు ఖంగుమంటుంది, తుప్పు తిన్నది మొద్దుగా పలుకుతుంది. కింద అంతా కొత్తగా నల్ల తారు పూసి ఉంటే మరింత అనుమానించు. అమ్మే ముందు వారంలో పూసిన తారు తుప్పును ఆపడానికి కాదు, దాచడానికి. చివరగా నిచ్చెన వేసుకుని పైకప్పు చుట్టూ ఉండే నీటి కాలువ చూడు. అక్కడ సీలెంట్ పగిలి ఉంటే మన శ్రావణ భాద్రపదాల్లో నీ పరుపు తడుస్తుంది.

వరదలో మునిగిన బండ్ల సంగతి వేరు. 2022 జులైలో గోదావరికి వచ్చిన వరద చాలా లంకలను ముంచింది. 2024 సెప్టెంబరులో బుడమేరు విజయవాడలో వేల బండ్లను ముంచింది. అలాంటివి కడిగి, ఆరబెట్టి, అత్తరు కొట్టి నాలుగు జిల్లాల అవతల అమ్మేవాళ్లు ఉంటారు. సీటు బెల్టును చివరిదాకా లాగి చూడు, చుట్టలోపలి భాగంలో ఒండ్రు మరక దొరుకుతుంది. డ్యాష్‌బోర్డు కింద తలపెట్టి స్క్రూల తలలు తుప్పు పట్టాయేమో చూడు. ఫ్యూజు పెట్టెలో పచ్చటి చిలుము కనిపిస్తే ఇక బేరం వద్దు.

ఇంజిను విషయం త్వరగా ముగిస్తాను, నమ్మకమైన మెకానిక్కు నాకంటే బాగా చూస్తాడు. నువ్వు వెళ్లేసరికి ఇంజిను చల్లగా ఉండాలి. వేడి చేసి ఉంచారంటే పొద్దున్నే మొరాయిస్తుందనుకోవచ్చు. ఆయిలు మూత లోపల కాఫీ నురుగులాంటి పూత ఉంటే నీళ్లు ఆయిల్లో కలుస్తున్నాయేమో చూపించు. డీజిల్ బండి అయితే 2020 ఏప్రిల్ తర్వాతి బీఎస్-6 (పొగ కాలుష్య ప్రమాణం) బండ్లకు పొగగొట్టంలో మసిని పట్టే ఫిల్టరు ఉంటుంది. ఊళ్లో మెల్లగా పది కిలోమీటర్లు తిరిగే బండిలో అది పూడుకుపోతుంది. దూరం వెళ్లే మీకు ఇబ్బంది లేదు గానీ, పాత యజమాని ఎలా తిప్పాడో అడుగు.

ఇక ఏ బండి అంటావా, మారుతి ఈకో మీకు చాలదు. పొడవు సుమారు 12 అడుగులే, లోపల నిలబడి చీర కట్టుకోవడం కుదరదు. టాటా వింగర్ ఎత్తు కప్పు రకం బాగుంటుంది. ముందు చక్రాలకు శక్తి వెళుతుంది కాబట్టి కింద ప్రొపెల్లర్ షాఫ్ట్ లేదు, నేల కిందికి ఉంటుంది, ఎక్కడం దిగడం తేలిక. కానీ దానికి విడిగా ఛాసిస్ లేదు, బాడీయే ఛాసిస్. తుప్పు పట్టిన వింగర్‌ను ఎంత తక్కువకిచ్చినా తీసుకోకు. టెంపో ట్రావెలర్ మొరటు బండి, సామాన్లు రాజమండ్రి ఆటోనగర్‌లోనే కాదు, ఎక్కడైనా దొరుకుతాయి. తుప్పు లేకుండా దొరికితే నేను దానికే ఓటు వేస్తాను. బడి బండి అయితే క్లచ్చి అరిగి ఉంటుంది, బాడీ మాత్రం తరచుగా బాగానే ఉంటుంది. పిల్లలు బల్లలు గీకుతారు గానీ ఉప్పునీళ్లు పోయరు కదా.

కాగితాల దగ్గర రెండు చిక్కులు. యానాం బండి తక్కువకు వస్తుంది, నంబరు పీవై 04 అని ఉంటుంది. అక్కడి నుంచి ఎన్‌ఓసీ తెచ్చి ఇక్కడ లైఫ్ ట్యాక్స్ కట్టాకగానీ ఆ తక్కువ ఎంత తక్కువో తెలియదు. పన్నెండు నెలలకు మించి మన రాష్ట్రంలో ఉంచితే ఇక్కడి నంబరు తీసుకోవాల్సిందే. ఫైనాన్సు బండి అయితే, అప్పు తీరిందని చెప్పే ఫారం 35 చేతికి రాకుండా డబ్బు ఇవ్వకు. పేరు మార్పిడికి కావలసిన ఫారం 29, 30ల మీద అమ్మేవాడి సంతకాలు నీ ఎదుటే చేయించు.

రెండోది పెద్ద చిక్కు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం తయారీదారు ఇచ్చిన వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే చెప్పింది. ఇల్లులాంటి బండ్లకు ఏఐఎస్-124 అని వేరే ప్రమాణమే ఉంది. సీట్లు పీకి, పసుపు నంబరు ప్లేటును తెల్లగా మార్చుకుంటానంటే ఎవరో ఏజెంటు ‘అయిపోతుందమ్మా’ అంటాడు. ఆ మాట నమ్మకు. అడ్వాన్సు ఇవ్వకముందే రవాణా శాఖ కార్యాలయానికి వెళ్లి, ఫలానా బండిని ఇలా మార్చుకోవచ్చా అని అర్జీ పెట్టి, జవాబు కాగితం మీద తీసుకో. బీమా కంపెనీకి కూడా చెప్పు. చెప్పకుండా గ్యాసు పొయ్యి పెట్టుకున్న బండికి ప్రమాదం జరిగితే వాళ్లు పైసా ఇవ్వకపోవచ్చు.

బరువు లెక్క కూడా ముందే వేసుకో. ఇన్వర్టరు బ్యాటరీ ఒక్కటే యాభై కిలోలు. వంద లీటర్ల నీళ్లంటే వంద కిలోలు. మందపాటి ప్లైవుడ్ షీటు ముప్పై. మారేడుమిల్లి ఘాట్ ఎక్కేటప్పుడు, ముఖ్యంగా దిగేటప్పుడు, ఆ లెక్క బ్రేకులకు తెలుస్తుంది. కమాన్ పట్టీలు ఇప్పటికే వంగి ఉన్న బండి అయితే వాటి ఖర్చు ధరలోంచి తగ్గించమను.

ఆదివారం నువ్వు పంపిన ఫొటోల్లోని బడి బండి చూద్దాం, నేనూ వస్తాను. బ్రోకరుకు ఈ రోజే ఫోను చేసి, బండిని కడగవద్దనీ, స్టార్టు చేసి ఉంచవద్దనీ చెప్పు. జాకీ నేను తెస్తాను.

ఇట్లు
మీ మామయ్య