పాఠకుల ప్రశ్నలు: ఉపకేంద్రానికి సోలార్ సరే, బ్యాటరీ ఎవరు మారుస్తారు?

ప్రశ్న: మాది పాడేరు ఏజెన్సీలో ఒక చిన్న పంచాయతీ. మా ఊరికి కరెంటు వచ్చి చాలా ఏళ్లయిందని కాగితాల్లో ఉంది. కానీ ఒక్క గాలివాన వచ్చిందంటే ఆరోగ్య ఉపకేంద్రంలో రోజుల తరబడి చీకటే. పంచాయతీ నిధులతో దాని మీద సోలార్ ప్యానెళ్లు పెట్టిద్దామని మా సర్పంచ్ గారు అంటున్నారు. అలా చేయవచ్చా? చేస్తే టీకాల ఫ్రిజ్ కూడా మా ఊళ్లోనే ఉంచుకోవచ్చా?
– ఒక వార్డు సభ్యురాలు, అల్లూరి సీతారామరాజు జిల్లా

జవాబు: మీ ఊరి కాగితాలు అబద్ధం చెప్పడం లేదమ్మా, వాటి లెక్కే అలాంటిది. ఊళ్లో ట్రాన్స్‌ఫార్మర్, లైను ఉండి, బడి, పంచాయతీ కార్యాలయం, ఆరోగ్య కేంద్రం వంటి చోట్లకు విద్యుత్తు అంది, నూటికి 10 ఇళ్లకు కనెక్షన్ ఉంటే దాన్ని విద్యుదీకరణ జరిగిన గ్రామంగా పరిగణిస్తారు. 2018 ఏప్రిల్ 28న మణిపూర్‌లోని లైసాంగ్‌తో దేశంలోని గ్రామాలన్నిటికీ కరెంటు చేరిందని ప్రకటించిందీ ఈ లెక్క ప్రకారమే. రోజుకు ఎన్ని గంటలు ఉంటుందన్న ప్రశ్నకు ఆ నిర్వచనంలో చోటు లేదు.

ఇక నిధుల సంగతి. రాజ్యాంగం 11వ షెడ్యూలులో పంచాయతీలకు అప్పగించదగిన 29 అంశాలలో గ్రామీణ విద్యుదీకరణ, సంప్రదాయేతర ఇంధనం, ఆరోగ్యం మూడూ ఉన్నాయి. 2021–26 కాలానికి 15వ ఆర్థిక సంఘం పంచాయతీలకు సిఫారసు చేసిన గ్రాంట్లలో 60 శాతం తాగునీటికి, పారిశుద్ధ్యానికి ముడిపెట్టినవి కాగా, మిగిలిన 40 శాతాన్ని జీతాలకు, కార్యాలయ నిర్వహణకు తప్ప స్థానిక అవసరాలకు వాడుకొనే వీలు కల్పించారు. ఇలా ముడిపెట్టని నిధులు మీ ఖాతాలో ఉంటే సర్పంచ్ గారి ఆలోచనకు దారి ఉన్నట్టే. అయితే పనిని గ్రామ పంచాయతీ అభివృద్ధి ప్రణాళికలో చేర్చాలి. మీది షెడ్యూల్డు ప్రాంతం కనుక, 1996 నాటి పెసా చట్టం (షెడ్యూల్డు ప్రాంతాలకు పంచాయతీ వ్యవస్థను విస్తరించిన చట్టం) ప్రకారం అమలుకు ముందే గ్రామసభ ఆమోదం కూడా ఉండాలి. ఆరోగ్యానికే ప్రత్యేకంగా ఆ ఆర్థిక సంఘం సిఫారసు చేసిన రూ.70,051 కోట్లలో గ్రామాల వాటా రూ.43,928 కోట్లు. సొంత భవనం లేని ఉపకేంద్రాల నిర్మాణం, పరీక్షల సదుపాయాలు వంటివి ఆ పద్దు కిందికి వస్తాయి కనుక, మీ కేంద్రానికి అందులో ఏమైనా మంజూరైందేమో ముందు వైద్యాధికారిని అడగండి. ఒకే పనికి రెండు పద్దుల నుంచి డబ్బు తీస్తే ఆడిట్‌లో చిక్కు.

టీకాల ఫ్రిజ్ మాత్రం వద్దనే చెబుతాను. టీకాలు 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఉండే ఐఎల్ఆర్ (ఐస్ లైన్డ్ రిఫ్రిజిరేటర్ అనే టీకాల ఫ్రిజ్) గోడల్లో మంచు పేరుకొని ఉంటుంది కాబట్టి, రోజుకు 8 గంటల కరెంటుతోనే ఆ చల్లదనాన్ని నిలుపుకోగలదు. ఇంటి ఫ్రిజ్‌కు ఆ శక్తి లేదు. పైగా చలి ఎక్కువైనా ప్రమాదమే: పెంటావాలెంట్, హెపటైటిస్–బి వంటి టీకాలు గడ్డకడితే పాడవుతాయి, కరిగించినా పనికిరావు. ఏఎన్ఎం గారు టీకాల రోజున ఐస్‌ప్యాక్‌లు పేర్చిన క్యారియర్‌లో మందు తెచ్చి, మిగిలినది అదే సాయంత్రం తిరిగి పంపే పద్ధతి పాతదే అయినా మీ ఊరికి అదే క్షేమం.

కాబట్టి ప్యానెళ్ల కరెంటును లైట్లకు, ఫ్యానుకు, ఫోన్ చార్జింగుకు, రాత్రివేళ కాన్పు వస్తే బల్ల దగ్గర ఉండే దీపానికి ఉంచుకోండి. అసలు చిక్కు ఆ తర్వాత వస్తుంది. ప్యానెల్ పాతికేళ్లు మన్నుతుంది కానీ, లెడ్ యాసిడ్ బ్యాటరీ సాధారణంగా నాలుగైదేళ్లకు మించి రాదు, ఆ కాలంలోనూ డిస్టిల్డ్ వాటర్ తగ్గకుండా చూడాలి. ప్రారంభోత్సవం రోజు ఫొటోలో బ్యాటరీ కనబడదు, అది చచ్చిపోయిన రోజున ఏ శాఖా తనదని ఒప్పుకోదు. ఉపకేంద్రానికి ఏటా వచ్చే అన్‌టైడ్ (ఫలానా పనికని ముడిపెట్టని) నిధి ఇలాంటి చిల్లర మరమ్మతుల కోసమే. 2005లో జాతీయ గ్రామీణ ఆరోగ్య మిషన్ మొదలైనప్పుడు అది రూ.10,000 ఉండేది, ఏఎన్ఎం, సర్పంచ్ ఉమ్మడి ఖాతాలో వేసేవారు. బ్యాటరీ మొత్తం ఖర్చు దానితో తీరకపోవచ్చు. అందుకని బ్యాటరీలో డిస్టిల్డ్ వాటర్ పోసి, ప్యానెళ్లు తుడిచే మనిషి ఎవరో, ఐదో ఏట కొత్త బ్యాటరీకి డబ్బు ఏ పద్దు నుంచి తీయాలో ఇప్పుడు చేసే గ్రామసభ తీర్మానంలోనే రాయించండి.