మొదలుకే మోసం

సందేహం: లక్ష రూపాయలకు కొన్న షేర్లను 14 నెలల తర్వాత 80 వేలకు అమ్మాను. ఇది ‘దీర్ఘకాలిక మూలధన నష్టం’ అనీ, దీన్ని ‘8 ఏళ్లు ముందుకు తీసుకెళ్లవచ్చు’ అనీ పత్రికలో చదివాను. నా మూలధనమంతా పోలేదు కదా! ‘పెట్టుబడి నష్టం’ అంటే సరిపోదా?
– ఒక పాఠకుడు, గుంటూరు

సమాధానం: ముందు మూలం సంగతి చూద్దాం, పన్ను ఎక్కడికీ పోదు. సంస్కృతంలో మూలమంటే చెట్టుకుండే వేరు. వడ్డీ వ్యాపారి ‘అసలు’ ఉర్దూ మీదుగా వచ్చిన అరబ్బీ మాట. దానికీ వేరనే అర్థం. ఇక మన ‘మొదలు’ చూడండి: చెట్టు మొదలు, కథ మొదలు, వ్యాపారంలో పెట్టిన సొమ్మూ మొదలే. వడ్డీకి ఆశపడితే మొదలుకే మోసం వచ్చిందంటామే, ఆ మొదలు. అరవంలో ఈ మాట ‘ముదల్’గా నేటికీ సొమ్ము లెక్కల్లో తిరుగుతోంది, పెట్టుబడి వాళ్లకు ‘ముదలీడు’. ముదల్ లేనివారికి లాభం లేదని తమిళ కవి తిరువళ్లువర్ ఏనాడో అన్నాడు. మూడు వేర్వేరు కుటుంబాల భాషలు సొమ్మును చెట్టు అడుగునే చూశాయి. కాయలు ఎన్నైనా కోసుకోండి, మొదలంటా నరక్కండి! మనమేమో మొదలును పనులు ‘మొదలుపెట్టడానికి’ వదిలేసి, సొమ్ముకు మూలధనాన్ని అరువు తెచ్చుకున్నాం.

‘మూలధన నష్టం’ సమాసాన్ని విడదీసి, మూలధనానికి కలిగిన నష్టమని చెబితే మీ అనుమానం సబబే. చట్టం ఉద్దేశం ‘మూలధన ఆస్తిని (షేర్లలాంటివాటిని) అమ్మగా వచ్చిన నష్టం’; నడిమి మాటలు రాలిపోయాయి. అందుకే షేరు ధర ఎంత పడినా, అమ్మనంతవరకు పన్ను లెక్కలో అది నష్టం కాదు. ‘పెట్టుబడి నష్టం’ తప్పని కొట్టిపారేయను. కాని కిరాణా కొట్టులో పోగొట్టుకున్నదాన్నీ అలాగే అంటాం. ఇంట్లో అలా అనుకోండి, రిటర్నులో మాత్రం మూలధన నష్టమే ఉండనివ్వండి.

 

నన్ను చికాకుపెట్టింది ‘ముందుకు తీసుకెళ్లడం’. నష్టమేమన్నా ఉత్సవ విగ్రహమా? ‘తర్వాతి ఏళ్లకు నిలవ చూపవచ్చు’ అంటే సొమ్మేం పోతుంది? నష్టాన్ని లాభంలోంచి తీసేయడాన్ని ‘సెట్ ఆఫ్’ అని రాసేవారు ‘చెల్లుకు చెల్లు’ ఎన్నడూ వినలేదా? ఎక్స్ఛేంజిలో నమోదైన షేర్లు 12 నెలలు దాటాక అమ్మారు గనుక, మీ నష్టం దీర్ఘకాలిక లాభాల మీదే చెల్లుతుంది, జీతం మీద చెల్లదు. స్వల్పకాలికమైతే రెండు రకాల లాభాల మీదా చెల్లేది. నిలవకు గడువు 8 ఏళ్లు, అదీ పన్ను మదింపుకు రిటర్ను వేళకు దాఖలు చేసినవారికే. ‘మదింపు’ చక్కని మాట. దాన్నయినా ‘అసెస్‌మెంట్’ చేయకుండా ఉంచితే సంతోషం.