వెయిట్ టైమౌట్ పెంచడం మందు కాదు

స్క్రిప్టు రాత్రంతా ఖాళీగా ఉండి పొద్దున డేటాబేసుకు పంపే మొదటి క్వెరీకే ఎర్రర్ 2006, 'మైఎస్‌క్యూఎల్ సర్వర్ హాజ్ గాన్ అవే' అంటోంది, వెయిట్ టైమౌట్ (ఖాళీ కనెక్షన్‌ను సర్వరు ఎంతసేపు ఉంచాలో చెప్పే సెట్టింగు) పెంచాలా లేక పైథాన్‌ను మైఎస్‌క్యూఎల్‌కు కలిపే పైమైఎస్‌క్యూఎల్ లైబ్రరీలో, కనెక్షన్ బతికుందా అని చూసే పింగ్‌కు, తెగితే తనే మళ్ళీ కలవమని రీకనెక్ట్ ట్రూ పెడితే సరిపోతుందా అని అడిగారు. నన్నడిగితే రెండూ వద్దు. ముఖ్యంగా రెండోది.

కొన్నేళ్ళ కిందట నేను పనిచేసిన చోట చిట్‌ఫండ్ వాళ్ళ ఎస్ఎంఎస్‌లు పంపే పెర్ల్ స్క్రిప్టు ఒకటి ఉండేది. ఎప్పుడో వెళ్ళిపోయిన ఒకాయన రాసింది. అందులో మైఎస్‌క్యూఎల్ ఆటో రీకనెక్ట్ ఆన్ చేసి ఉంది, అంటే కనెక్షన్ తెగితే డ్రైవరు (డేటాబేసుతో మాట్లాడే లైబ్రరీ) తనే మళ్ళీ కలుస్తుంది. ఇక సోమవారం వచ్చిందంటే చాలు ఫోన్లు మొదలు. "?????? గారూ, మీ చిట్టి వాయిదా బాకీ ఉంది" అని మెసేజ్ వెళ్ళేది, మిగతా తెలుగంతా శుభ్రంగా ఉండి పేరు దగ్గర మాత్రం వరసగా ప్రశ్నార్థకాలు. "పేరు తెలీదు గానీ బాకీ మాత్రం తెలుసా మీకు?" అని ఒకావిడ అడిగిన తీరు ఇప్పటికీ గుర్తే. సపోర్ట్ వాళ్ళు స్క్రిప్టు రీస్టార్ట్ చేసేవాళ్ళు, పేర్లు వచ్చేసేవి, టికెట్ క్లోజ్. మళ్ళీ సోమవారం అదే కథ. అసలు ఈ రీస్టార్ట్ అలవాటు మీద నాకు చాలా కోపం, కారణం కనిపించే ఒక్క అవకాశాన్నీ తుడిచేసి 'ఇష్యూ రిజాల్వ్డ్' అని మెయిల్ కొడతారు.

ప్రతి క్వెరీకి ముందు సెలెక్ట్ కనెక్షన్ ఐడీ ఫలితాన్ని, అంటే అప్పటి కనెక్షన్ నంబరును, లాగ్‌లో రాయించాక దొరికింది. ఆదివారం ఆఫీసు సెలవు, స్క్రిప్టుకు పనిలేదు. వెయిట్ టైమౌట్ మామూలుగా 28800 సెకన్లు, అంటే 8 గంటలు. అది దాటగానే సర్వరు కనెక్షన్ తెంపేది. సోమవారం మొదటి క్వెరీకి డ్రైవరు చప్పుడు చేయకుండా కొత్త కనెక్షన్ తెచ్చుకునేది, ఐడీ మారేది. కానీ మొదట్లో ఒక్కసారి నడిపిన సెట్ నేమ్స్ యుటిఎఫ్8 (అక్షరాలను యుటిఎఫ్8లో పంపమని సర్వరుకు చెప్పే ఆదేశం) పాత కనెక్షన్‌తోనే పోయింది. కొత్తది డిఫాల్ట్ ల్యాటిన్1 అనే అక్షరాల కోడ్‌లో ఉంది, అందులో తెలుగు అక్షరాలు లేవు కాబట్టి సర్వరు ఒక్కో దానికీ ఒక ? ఇచ్చేది. టెంప్లేటు, అంటే మెసేజ్‌లోని మిగతా వాక్యం, స్క్రిప్టు ఫైల్లోదే కాబట్టి దానికేం కాలేదు. ఎర్రరు లేదు, లాగ్‌లో ఒక్క ముక్క లేదు. మైఎస్‌క్యూఎల్ 8లో డిఫాల్టే తెలుగు కూడా పట్టే యుటిఎఫ్8ఎంబీ4 కాబట్టి మీకు అచ్చం ఇలాగే జరక్కపోవచ్చు. అయితే సెషన్ వేరియబుల్స్, టెంపరరీ టేబుల్స్, లాకులు ఇప్పటికీ కనెక్షన్‌తో పాటే పోతాయి.

అంతకంటే ఘోరం ట్రాన్సాక్షన్, అంటే జరిగితే అన్నీ జరగాలి లేదా ఏదీ జరగకూడదు అనే క్వెరీల గుంపు. ప్రతి క్వెరీకి ముందు పింగ్ కొట్టి, తెగి ఉంటే మళ్ళీ కలిసే ర్యాపర్ ఫంక్షన్ ఒకటి ఎక్కడ చూసినా కాపీ చేసి పెట్టుకుంటారు. ఒక ఖాతాలో డబ్బు తీశారు, రెండో ఖాతాలో వేసేలోపు కనెక్షన్ తెగింది అనుకోండి, సర్వరు మొదటిదాన్ని రోల్‌బ్యాక్ చేస్తుంది, అంటే జరగనట్టే వెనక్కి తీసుకుంటుంది. ర్యాపర్ మళ్ళీ కలుస్తుంది, రెండోది కమిట్ అవుతుంది, అంటే ఖాయమైపోతుంది. ఇప్పుడు ఆ డబ్బు ఎక్కడినుంచి వచ్చిందో ఆడిటర్‌కు మీరే చెప్పుకోవాలి. తెగిందని అరిచే డేటాబేసే నయం.

మీ స్క్రిప్టుకైతే, పని వచ్చినప్పుడు కనెక్ట్ అవ్వండి, అయిపోగానే మూసేయండి. రాత్రంతా ఖాళీ కనెక్షన్ పట్టుకుని కూర్చోవడం దేనికి? సెషన్ సెట్టింగులన్నీ కనెక్షన్ తెరిచే ఒక్క ఫంక్షన్‌లోనే ఉండాలి, పైమైఎస్‌క్యూఎల్‌లో కనెక్ట్ అవగానే నడిచే ఇనిట్ కమాండ్ ఉన్నది అందుకే. 2006 గానీ 2013 (క్వెరీ మధ్యలో కనెక్షన్ పోయింది) గానీ వస్తే ఆ కనెక్షన్ పారేసి, ట్రాన్సాక్షన్ మొత్తం మొదటినుంచి చేయండి, మధ్యలోంచి కాదు. ఎస్‌క్యూఎల్ఆల్కెమీ అనే పైథాన్ లైబ్రరీ వాడితే పూల్ ప్రీ పింగ్ పెట్టుకోవచ్చు, అది పూల్‌లోంచి, అంటే తెరిచి ఉంచిన కనెక్షన్ల నిల్వలోంచి, తీసేటప్పుడే చూస్తుంది గానీ ట్రాన్సాక్షన్ మధ్యలో వేలు పెట్టదు.

వెయిట్ టైమౌట్ పెంచుతారా, పెంచండి, కానీ మధ్యలో ఏడబ్ల్యూఎస్ న్యాట్ గేట్‌వే (లోపలి నెట్‌వర్కును బయటికి కలిపే అమెజాన్ సర్వీసు) ఉంటే అది 350 సెకన్లు ఖాళీగా ఉన్న కనెక్షన్‌ను వదిలేస్తుంది, మీ 8 గంటలతో దానికి పనిలేదు. పెద్ద ఇన్సర్ట్ పంపినప్పుడు మాత్రమే 2006 వస్తుంటే అది వేరే సంగతి, ఒకేసారి పంపగల డేటాకు హద్దు పెట్టే మ్యాక్స్ అలౌడ్ ప్యాకెట్ సెట్టింగు చూడండి.

మీ కనెక్ట్ ఫంక్షన్, ఎర్రర్ పట్టే భాగం ఇక్కడ పెడితే చూసి చెబుతాను. పాస్‌వర్డ్ తీసేసి పెట్టండి బాబూ.